‘గణనీయమైన తేడా’ ఎవరికి గణనీయం? నర్సింగ్, ఆరోగ్య పరిశోధనల్లో సాంఖ్యక సార్థకత - క్లినికల్ సార్థకత: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

నర్సింగ్, ప్రజారోగ్య పరిశోధనల ఫలితాలను ‘గణనీయం’ అనే ఒక్క మాటతో ప్రకటించడం ఆనవాయితీగా మారింది. ఈ మాట వెనుక రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. కనిపించిన తేడా యాదృచ్ఛికమా, కాదా అన్నది మొదటిది. ఆ తేడా వల్ల రోగికి ఏం ఒరిగిందన్నది రెండవది. మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానాన్నే రెండవదానికీ సమాధానంగా భావించడంలోని దోషాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చీపురుపల్లి ప్రాంతపు గర్భిణుల రక్తహీనతను, ఉద్దానం మూత్రపిండాల వ్యాధిని, కొన్ని ప్రసిద్ధ వైద్య ప్రయోగాలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: పి-విలువ, సాంఖ్యక సార్థకత, క్లినికల్ సార్థకత, విశ్వాస అంతరం, రక్తహీనత, ఉద్దానం, నర్సింగ్ పరిశోధన

1. ఉపోద్ఘాతం

ఆరోగ్య పరిశోధనలను తెలుగులో పరిచయం చేసేటప్పుడు తరచుగా ఎదురయ్యే వాక్యం ఒకటి ఉంది: ‘రెండు వర్గాల మధ్య గణనీయమైన తేడా కనిపించింది.’ గణనీయం అంటే లెక్కించదగినదని వ్యుత్పత్తి. వాడుకలో మాత్రం పెద్దది, పట్టించుకోదగినది అనే అర్థమే స్థిరపడింది. వర్షపాతం గణనీయంగా ఉందంటే రైతు చెరువు నిండిందనుకుంటాడు. దిగుబడి గణనీయంగా తగ్గిందంటే అప్పు తీరదనుకుంటాడు. సాంఖ్యక శాస్త్రంలో ఈ మాటకు మూలమైన భావనలో ‘పెద్దది’ అనే అర్థమే లేదు. యాదృచ్ఛికంగా రావడానికి అవకాశం తక్కువ అని మాత్రమే అక్కడి అర్థం.

కొన్ని పాఠ్యగ్రంథాలు ‘సార్థకత’ అనే మాటను వాడాయి. అది కొంత మెరుగైనదే. అయితే జన్మ సార్థకమైందనే నుడికారం ఉన్న భాషలో, సార్థకమంటే ప్రయోజనం నెరవేరినదని పాఠకుడు గ్రహించడం సహజం. ఈ విధంగా పరిశోధకుడు చెప్పని విషయాన్ని తెలుగు మాటే అతని తరఫున చెబుతోంది. ఇది పదజాలానికి పరిమితమైన సమస్య కాదు. ‘గణనీయం’ అని తేలిన కార్యక్రమం రేపు ఒక ఆరోగ్య కార్యకర్త దినచర్యలోకి, ఒక రోగి ఖర్చులోకి ప్రవేశిస్తుంది. కాబట్టి ఎవరికి గణనీయం, ఎంత మేరకు గణనీయం అన్న ప్రశ్న పరిశోధనలో అంతర్భాగం కావలసి ఉంది.

2. పి-విలువ చెప్పేది, చెప్పనిది

పరిశోధనలో 0.05 అనే హద్దు ప్రచారంలోకి రావడానికి ఆర్.ఎ. ఫిషర్ 1925లో ప్రచురించిన గ్రంథం ప్రధాన కారణం. ఇరవైలో ఒకసారి మాత్రమే యాదృచ్ఛికంగా రాగల ఫలితాన్ని ఆలోచించదగినదిగా భావించడానికి ఆయన దానిని అనుకూలమైన గుర్తుగా సూచించాడు. ఆ ఫలితంతో ప్రశ్న ముగిసిపోయిందని ఆయన భావించలేదు. 1933లో నేమన్, పియర్సన్‌లు ప్రతిపాదించిన పద్ధతిలో మరో షరతు చేరింది. ఎంత తేడాను గుర్తించదలచారో, ఏ పొరపాటును ఎంతవరకు సహిస్తారో ముందే నిర్ణయించుకోవాలి. నేటి సిద్ధాంత గ్రంథాల్లో చాలా వాటిలో ఫిషర్ హద్దు నిలిచింది, నేమన్-పియర్సన్ల షరతు జారిపోయింది.

సాంఖ్యక శాస్త్రంతో ఉత్తరాంధ్రకు దగ్గరి సంబంధం ఉంది. విశాఖపట్నంలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు కేంబ్రిడ్జిలో ఫిషర్ పర్యవేక్షణలోనే పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందారు. అంతకు ముందే, 1945లో, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దాని పరిమితిని నిర్ధారించే సూత్రాన్ని ప్రకటించారు. అది క్రామర్-రావు పరిమితిగా ప్రసిద్ధి పొందింది. ఆ కృషి సారాంశం ప్రస్తుత చర్చకు నేరుగా సంబంధించినది. ప్రతి అంచనాకూ ఒక అనిశ్చితి ఉంటుంది. ఆ అనిశ్చితిని కొలిచి చెప్పడమే శాస్త్రం. దానిని అవును, కాదు అనే రెండు మాటలకు కుదించడం ఆ శాస్త్ర స్వభావానికి విరుద్ధం.

పి-విలువ నిర్వచనం పరిమితమైనది. నిజానికి తేడా ఏమీ లేదని, విశ్లేషణలోని ఇతర ఊహలన్నీ సరైనవేనని అనుకున్నప్పుడు, అధ్యయనంలో కనిపించినంత లేదా అంతకు మించిన తేడా రావడానికి ఉన్న సంభావ్యత అది. పరికల్పన నిజమయ్యే సంభావ్యత అది కాదు. చికిత్స బలానికి కొలమానమూ కాదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఒక ప్రకటన ద్వారా ఈ విషయాలనే స్పష్టం చేయవలసి వచ్చింది.

పి-విలువను ప్రధానంగా మూడు అంశాలు నిర్ణయిస్తాయి: తేడా పరిమాణం, వ్యక్తుల మధ్య వైవిధ్యం, నమూనా పరిమాణం. మొదటిది రోగికి సంబంధించినది. మూడవది పరిశోధకుడి వనరులకు సంబంధించినది. నమూనాను తగినంత పెంచగలిగితే ఎంత చిన్న తేడానైనా 0.05 హద్దు దాటించవచ్చు.

3. చీపురుపల్లి గర్భిణి - రెండు ఊహాత్మక అధ్యయనాలు

విజయనగరం జిల్లాలో హౌరా-చెన్నై రైలు మార్గంపై ఉన్న మండల కేంద్రం చీపురుపల్లి. ఇటువంటి చోట గర్భిణుల ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే రక్తహీనతతో మొదలుపెట్టాలి. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువగా ఉంటే రక్తహీనతగానూ, 7 కంటే తక్కువైతే తీవ్ర రక్తహీనతగానూ పరిగణిస్తారు. 5 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్చాలి. ఈ అంకెలు చికిత్సను మారుస్తాయి. మాత్రలు సరిపోతాయా, సిర ద్వారా ఇనుము ఎక్కించాలా, రక్తం ఎక్కించే వసతి ఉన్న పెద్దాసుపత్రికి పంపాలా అన్నది వీటిపైనే ఆధారపడుతుంది.

ఈ నేపథ్యంలో రెండు అధ్యయనాలను ఊహించవచ్చు. ఇనుము మాత్రలు క్రమం తప్పకుండా వేసుకునేలా ఇంటింటికీ వెళ్ళి సలహా ఇచ్చే కార్యక్రమాన్ని రెండూ పరీక్షించాయనుకుందాం. మొదటి అధ్యయనంలో ఒక్కో వర్గానికి 1,000 మంది ఉన్నారు. హిమోగ్లోబిన్ సగటు తేడా 0.2 గ్రాములు, ప్రామాణిక విచలనం 1.5. లెక్క ప్రకారం పి-విలువ సుమారు 0.003, 95 శాతం విశ్వాస అంతరం 0.07 నుంచి 0.33 వరకు. రెండవ అధ్యయనంలో ఒక్కో వర్గానికి 30 మందే. సగటు తేడా 0.8 గ్రాములు, ప్రామాణిక విచలనం 1.6. పి-విలువ సుమారు 0.06, విశ్వాస అంతరం -0.03 నుంచి 1.63 వరకు.

ప్రస్తుత ఆనవాయితీ ప్రకారం మొదటి కార్యక్రమం ‘గణనీయ ఫలితం’ ఇచ్చింది, రెండవది ఇవ్వలేదు. విశ్వాస అంతరాలను చదివితే చిత్రం మారుతుంది. మొదటి అధ్యయనం తన విషయాన్ని కచ్చితంగానే చెప్పింది: అత్యంత అనుకూలంగా చూసినా లాభం గ్రాములో మూడో వంతుకు మించదు. రంగును కంటితో పోల్చి చదివే సాహ్లి పద్ధతిలో ఒకే నమూనాను రెండుసార్లు చూసినా 0.2 గ్రాముల తేడా రావచ్చు. రెండవ అధ్యయనం ‘ఫలితం లేదు’ అని నిరూపించలేదు. లాభం శూన్యం కావచ్చు, ఒకటిన్నర గ్రాములకు పైగానూ ఉండవచ్చు, తేల్చడానికి ఈ నమూనా చాలదు అని చెప్పింది. దీనిని ‘ప్రభావం లేదు’ అని నమోదు చేస్తే, ఉపయోగపడగల ఒక మార్గాన్ని పరీక్షించకముందే మూసివేసినట్లవుతుంది.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. సగటు ఒక్కటే చాలదు. 0.2 గ్రాముల సగటు పెరుగుదల అందరికీ సమానంగా కొద్దికొద్దిగా వచ్చిందా, లేక 7 కంటే తక్కువ ఉన్న కొద్దిమందికి బాగా పెరిగి మిగిలినవారిలో మార్పే లేదా? రెండు సందర్భాల్లోనూ సగటు ఒకటే కావచ్చు. క్లినికల్ అర్థం మాత్రం పూర్తిగా వేరు. అందువల్ల ఎంతమంది తీవ్ర స్థాయి నుంచి బయటపడ్డారు, ఎంతమందిని పెద్దాసుపత్రికి పంపే అవసరం తప్పింది అన్న లెక్కలు సగటు పక్కన ఉండాలి. హద్దుల లెక్క కూడా మోసం చేయగలదు. 6.9 నుంచి 7.1కి చేరిన స్త్రీ కాగితం మీద వర్గం మారుతుంది. ఆమె ఆయాసం మారకపోవచ్చు. సగటు, హద్దు, లక్షణం అనే మూడింటినీ కలిపి చదివినప్పుడే నిర్ణయానికి ఆధారం ఏర్పడుతుంది.

4. ‘బోధనా కార్యక్రమం ఫలప్రదం’ అనే ముగింపు

నర్సింగ్ స్నాతకోత్తర పరిశోధనల్లో బహుళ ప్రచారంలో ఉన్న నమూనా ఒకటి ఉంది. ఒక అంశంపై ప్రశ్నావళితో ముందస్తు పరీక్ష, తరువాత నిర్మిత బోధనా కార్యక్రమం, వారం రోజులకు అదే ప్రశ్నావళితో మలి పరీక్ష. మార్కులు పెరుగుతాయి. పి-విలువ 0.001 కంటే తక్కువ వస్తుంది. కార్యక్రమం ఫలప్రదమని ముగింపు.

ఈ నమూనాలో పి-విలువ సమాధానమిచ్చే ప్రశ్న ఎవరికీ సందేహం లేని ప్రశ్న. చెప్పిన పాఠంలోని ప్రశ్నలనే వారం తరువాత అడిగితే మార్కులు పెరగడంలో ఆశ్చర్యం లేదు. తెలియవలసింది వేరే ఉంది. ఇనుము మాత్ర టీతో కలిపి వేసుకోకూడదని తెలుసుకున్న స్త్రీ అలవాటు మార్చుకుందా? వికారం వచ్చినప్పుడు మాత్ర మానకుండా ఎవరినైనా సంప్రదించిందా? కాన్పు నాటికి ఆమె రక్తస్థాయి ఎంత? జ్ఞానం పెరగడం ఈ గొలుసులో మొదటి కొక్కెం మాత్రమే.

నియంత్రిత వర్గం లేకపోవడం మరో లోపం. తక్కువ విలువలున్నవారినే ఎంచి కొంతకాలం తరువాత మళ్ళీ కొలిస్తే, ఏ చికిత్సా ఇవ్వకపోయినా వారి సగటు సాధారణ స్థాయి వైపు కొంత మళ్ళుతుంది. గర్భిణుల విషయంలో శరీరధర్మం కూడా తోడవుతుంది. రక్తంలో ద్రవభాగం పెరగడం వల్ల రెండవ త్రైమాసికంలో హిమోగ్లోబిన్ తగ్గి, చివరి నెలల్లో కొంత పుంజుకోవడం సహజం. రెండవ త్రైమాసికంలో ముందస్తు పరీక్ష, మూడవదానిలో మలి పరీక్ష జరిపితే, ప్రకృతి చేసిన పని కొంత కార్యక్రమం ఖాతాలో పడుతుంది. ఈ దోషాన్ని ఎంత చిన్న పి-విలువ అయినా సరిదిద్దలేదు.

నొప్పి వంటి అంశాల్లో రోగి దృష్టి నుంచే కొలమానాలు ఏర్పడ్డాయి. రోగి తనకు మేలు కలిగిందని గుర్తించగల కనీస భేదం అనే భావనను 1989లో జెష్కె, సింగర్, గయాట్‌లు ప్రవేశపెట్టారు. 0 నుంచి 10 వరకు ఉండే నొప్పి కొలబద్దపై సుమారు రెండు పాయింట్లు లేదా 30 శాతం తగ్గుదల ఉంటేనే దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారు చెప్పుకోదగిన మేలుగా భావిస్తారని 2001లో ఫరార్ బృందం చూపింది. ఈ వెలుగులో చూస్తే, ఒక నర్సింగ్ పద్ధతి సగటు నొప్పిని 0.4 పాయింట్లు తగ్గించి 0.05 హద్దు దాటితే, పరిశోధకుడి పని అక్కడితో పూర్తికాదు. మంచం మీద ఉన్న మనిషికి ఆ తేడా తెలిసిందా అన్న విచారణ మిగిలే ఉంటుంది.

5. ఉద్దానం నేర్పే జాగ్రత్త

చీపురుపల్లి మీదుగా ఈశాన్యానికి సాగే రైలు మార్గమే పలాస, సోంపేట, ఇచ్ఛాపురాలకు చేరుతుంది. కొబ్బరి, జీడిమామిడి తోటల ఉద్దానం అది. మధుమేహం, రక్తపోటు వంటి పరిచిత కారణాలతో వివరించలేని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అక్కడ దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. 2020లో ప్రచురితమైన ఒక జనసముదాయ సర్వే ప్రకారం వయోజనుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. తాగునీరు, సిలికా, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో శ్రమ, జన్యు కారణాలు అన్నీ అనుమానితులే. ఏ ఒక్కటీ నిర్ధారిత కారణంగా నిలవలేదు.

ఇటువంటి చోట సాంఖ్యక సార్థకతను వివేచన లేకుండా వాడితే కలిగే ప్రమాదం రెండు విధాలు. మొదటిది, పరీక్షల సంఖ్య. నీటిలోని 20 అంశాలను వ్యాధితో ఒక్కొక్కటిగా పోల్చినప్పుడు, వాస్తవంగా దేనికీ సంబంధం లేకపోయినా, ఆ పరీక్షలు పరస్పరం స్వతంత్రమైనవైతే, కనీసం ఒకటి 0.05 హద్దు దాటడానికి 64 శాతం అవకాశం ఉంది. ఆ ఒక్కటే శీర్షికకెక్కితే ఊళ్ళో భయం దాని చుట్టూ తిరుగుతుంది. రెండవది, నమూనా పరిమాణం. 2,400 మందిని పరిశీలించిన అధ్యయనంలో ఒక మూలకానికీ మూత్రపిండాల పనితీరుకూ మధ్య సహసంబంధ గుణకం 0.05 మాత్రమే ఉన్నా, పి-విలువ సుమారు 0.014 వస్తుంది. అయితే పనితీరులోని వైవిధ్యంలో ఆ మూలకం వివరించగలిగేది నూటికి పావు వంతు మాత్రమే. మిగిలిన తొంభైతొమ్మిది ముప్పావు పాళ్ళకు వివరణ లేదు.

వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ అవసరమైన కూలీకి క్లినికల్ సార్థకత అంటే ఏమిటి? వ్యాధి ముదిరే వేగం తగ్గి డయాలిసిస్ ఎన్నాళ్ళు వెనక్కి జరిగింది, చికిత్సకు ప్రయాణం ఎంత తగ్గింది, పనికి వెళ్ళగలిగిన రోజులెన్ని అన్నవే. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వంటి సంస్థల నుంచి రాబోయే అధ్యయనాలను చదివేవారు పి-విలువ కంటే ముందు ఈ ఫలితాల కోసం వెతకవలసి ఉంటుంది.

6. మూడు ప్రసిద్ధ ఉదాహరణలు

ఈ విభేదం స్థానిక పరిశోధనలకే పరిమితం కాదు. క్లోమ క్యాన్సరు రోగులు 569 మందిపై జరిగి 2007లో ప్రచురితమైన ప్రయోగంలో ఎర్లోటినిబ్ అనే మందును అప్పటి చికిత్సకు జోడించారు. మధ్యస్థ జీవితకాలం 5.91 నెలల నుంచి 6.24 నెలలకు పెరిగింది. పి-విలువ 0.038, అంటే సాంఖ్యక సార్థకత ఉంది. లభించిన మధ్యస్థ ఆయువు సుమారు పది రోజులు, వాటితోపాటు దద్దుర్లు, విరేచనాలు. ఆ పది రోజుల విలువ నిర్ణయించవలసింది రోగి, అతని కుటుంబం. పట్టికలోని నక్షత్రపు గుర్తు నిర్ణయించలేదు.

రెండవది, అమెరికాలో 22,071 మంది వైద్యులపై జరిగిన ఆస్పిరిన్ ప్రయోగం. 1988 నాటి నివేదికలో ఆస్పిరిన్ తీసుకున్నవారిలో 104 మందికి, తీసుకోనివారిలో 189 మందికి గుండెపోటు వచ్చింది. పి-విలువ అతి స్వల్పం. శాతాల్లో ఇది 0.94, 1.71. ఒక గుండెపోటు తప్పడానికి సుమారు 130 మంది ఏళ్ళ తరబడి మందు వాడాలి. తదనంతర ప్రయోగాలు రక్తస్రావ ప్రమాదాన్ని కూడా తూచిన మీదట, గుండెజబ్బు లేనివారందరికీ ఆస్పిరిన్ ఇచ్చే పద్ధతి వెనుకబడింది. యాదృచ్ఛికం కాని మేలు కూడా హానితో తూచినప్పుడు నిలవకపోవచ్చు.

మూడవది వీటికి భిన్నమైనది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్‌లో, కలరా వ్యాపించినప్పుడు దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, చక్కెర కలిపిన ద్రవాన్ని నోటి ద్వారా ఇచ్చింది. వందకు ముప్ఫై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి. అది పద్ధతి ప్రకారం నియంత్రించిన ప్రయోగం కాదు. అయినా ఆ తేడాను గుర్తించడానికి పి-విలువ అవసరం కాలేదు.

7. అభ్యంతరాలు, వాటి పరిశీలన

ఈ వాదంపై మూడు అభ్యంతరాలకు అవకాశం ఉంది. చిన్న తేడా కూడా జనసముదాయ స్థాయిలో విలువైనదే కదా అన్నది మొదటిది. 1985లో జెఫ్రీ రోజ్ ప్రతిపాదించిన వాదం ఇదే. ఉప్పు వాడకం తగ్గి జనం సగటు రక్తపోటు స్వల్పంగా దిగినా పక్షవాతాలు చాలా తప్పుతాయి. ఇది అంగీకరించదగినది. అయితే అటువంటి వాదం చేసేవారు తప్పే కేసుల లెక్కను, దానికయ్యే ఖర్చును, శ్రమను చూపాలి. నలభై మంది గర్భిణుల బాధ్యత ఉన్న ఏఎన్ఎం ఒక్కొక్కరికి అదనంగా ఇరవై నిమిషాలు వెచ్చిస్తే పదమూడు గంటలకు పైగా అవుతుంది. ఆ గంటలు ఏ టీకా పని నుంచి, ఏ కాన్పు పరామర్శ నుంచి వచ్చాయో లెక్కలో చేరాలి.

క్లినికల్ సార్థకత వ్యక్తిగత అభిప్రాయమనేది రెండవ అభ్యంతరం. ఫలితం చూసిన తరువాత హద్దు గీస్తే అది నిజమే అవుతుంది. అందుకే ఎంత తేడా వస్తే ప్రయోజనంగా భావిస్తామో అధ్యయనానికి ముందే, రోగుల మాట కూడా విని, ప్రణాళికలో రాసిపెట్టాలి.

మూడవది, పి-విలువను పూర్తిగా విడిచిపెట్టవచ్చు కదా అన్న ప్రశ్న. సాంఖ్యక సార్థకత అనే ముద్రకు స్వస్తి చెప్పాలన్న వ్యాసానికి 2019లో 800 మందికి పైగా శాస్త్రజ్ఞులు మద్దతు తెలిపారు. ముద్ర పోవాలనడం సమంజసమే. యాదృచ్ఛికత పరీక్షే వద్దనుకోవడం ప్రమాదకరం. నలుగురికి నయమైందని చెప్పి నాటుమందు అమ్మేవాడికి కావలసిందీ అదే. యాదృచ్ఛికతను తోసిపుచ్చడం ముఖద్వారం వంటిది. దానిని దాటకుండా లోపలికి రాలేము. దాటినంత మాత్రాన ఇల్లు చూసినట్లు కాదు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలివి:

1. తెలుగు పరిశోధన రచనలో ‘గణనీయం’ అనే మాటను పెద్ద తేడాలకే పరిమితం చేయాలి. 0.05 హద్దు దాటిన ఫలితాన్ని ‘యాదృచ్ఛికంగా రావడానికి అవకాశం తక్కువైన తేడా’ అని విడమరిచి రాయడం మేలు. వాక్యం పొడవు పెరుగుతుంది, అపార్థం తగ్గుతుంది.

2. ప్రతి ఫలితం పక్కనా తేడా పరిమాణం, దాని కొలమానం, 95 శాతం విశ్వాస అంతరం ఉండాలి. హద్దు దాటని ఫలితాన్ని ‘ప్రభావం లేదు’ అని రాసేముందు విశ్వాస అంతరం ఎంత విశాలంగా ఉందో చూడాలి.

3. ప్రయోజనంగా పరిగణించే కనీస భేదాన్ని నమూనా పరిమాణం నిర్ణయించే దశలోనే ప్రకటించాలి. నమూనా ఆ భేదాన్ని బట్టి ఏర్పడాలి.

4. మార్కుల పెరుగుదలతో ఆగిపోయే అధ్యయనాలు అలవాటును, శారీరక స్థితిని, ఆసుపత్రి అవసరాన్ని కొలిచే దిశగా సాగాలి. కాలం చాలని స్నాతకోత్తర విద్యార్థి కనీసం ‘ఫలప్రదం’ అనే మాటకు బదులు ‘జ్ఞాన స్థాయి పెరిగింది’ అని రాయవచ్చు. అది చిన్న ముగింపే, కానీ నిజమైనది.

5. మౌఖిక పరీక్షలో పర్యవేక్షకులు, పరీక్షకులు పి-విలువతో పాటు ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: ఈ ఫలితం వల్ల రేపు రోగి సంరక్షణలో ఏది మారుతుంది?

నెలలో 9వ తేదీన ప్రభుత్వాసుపత్రి వరండాలో తల్లుల పరీక్షల కోసం కూర్చున్న గర్భిణికి తన అంకె ఎంతో తెలుసుకోవాలని ఉంటుంది. కాన్పు ఇక్కడే అవుతుందా, విజయనగరం వెళ్ళాలా అన్నది దానిపై ఆధారపడి ఉంటుంది. ఆమె ప్రశ్నకు ఉపయోగపడే పరిశోధనకే గణనీయం అనే మాట తగినది.